నీటి క్రింద విజయపురి: నాగార్జునకొండకు ఒక పడవ ప్రయాణము

జనక్‌పురిలో మన తెలుగు కుటుంబములు నాలుగు చేరినచోట మాటలు పిల్లల పరీక్షలతో మొదలై, బదిలీలమీదుగా సాగి, సెలవు ప్రయాణములతో ముగియుట వాడుక. ఎల్‌.టి.సి. పై ఎవరెచటికి పోయివచ్చిరి, వచ్చే యేడు ఎచటికి పోదలచిరి అను ప్రసంగము లేని సాయంకాలము మనకు లేదు. ఈ నడుమ విదేశముల పేర్లును వినబడుచున్నవి. వియత్నాం దేశమున హాలాంగ్ అఖాతమున్నది. అచ్చట సముద్రమునుండి నిటారుగా లేచిన సున్నపురాతి కొండలు వందలకొలదిగా ద్వీపములై నిలిచియున్నవి. ఒక పడవను దినమంతయు తమకై కుదుర్చుకొని, ఆ కొండల సందులగుండ తిరిగివచ్చుట యాత్రికులకు పరమానందమని చూచినవారు చెప్పుదురు. 1994 సంవత్సరమున యునెస్కో దానిని ప్రపంచవారసత్వ స్థలముగా గుర్తించెను. అది చూడదగిన చోటే, సందేహము లేదు.

అయితే సున్నపురాతిని, నీటిని, పడవను ఒక్కచోట చేర్చి చూపగల స్థలము మన తెలుగునేలమీదను కలదు. అది కృష్ణానదిపై నాగార్జునసాగరములోని నాగార్జునకొండ. హాలాంగ్‌లో ప్రకృతి చెక్కిన సున్నపురాయి నీటిపైన కనబడును. ఇచ్చట మన పూర్వులు చెక్కిన సున్నపురాయి కొండమీద కొంత, నీటిక్రింద కొంత యున్నది. పైన కనబడునది చూచుటకు కన్నులు చాలును. క్రింద నున్నది చూచుటకు చరిత్ర తెలిసియుండవలెను. ఆ చరిత్రను మన సంఘసభ్యులకు స్థూలముగా నివేదించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

గత శీతకాలమున మా కుటుంబమును, మా వీథిలోని మరి రెండు కుటుంబములును కలిసి హైదరాబాదునుండి అచ్చటికి పోయితిమి. నూటయేబది కిలోమీటర్ల దారి. ఆనకట్టను దాటి కుడిగట్టున విజయపురి సౌత్ చేరి లాంచీ యెక్కితిమి. కొండకు చేరుటకు సుమారు గంట పట్టును. ఆ దినమున గాలి లేదు. నీరు పరచిన పట్టువలె కదలక యుండెను. చుట్టును నల్లమల కొండల కొనలు. కొంతదూరము పోయిన తరువాత మా మిత్రుని చిన్న కుమార్తె నీటిలోనికి తొంగిచూచి, “నాన్నగారూ, ఈ నీళ్ళు రాకముందు ఇక్కడ ఏముండేది?” అని యడిగెను. తండ్రి బదులు చెప్పకముందే సరంగు వెనుకకు తిరిగి, “ఊళ్ళుండేవమ్మా. పొలాలుండేవి. ఇప్పుడు మనం వాటిమీదే పోతున్నాం” అనెను. పడవలో కొంతసేపు ఎవరును మాటలాడలేదు.

ఆ సరంగు చెప్పిన మాటకు వెనుక పదునేడు వందల యేండ్ల కథ యున్నది.

శాతవాహనుల ప్రాభవము అంతరించిన పిమ్మట, క్రీస్తుశకము మూడవ శతాబ్దమున, ఇక్ష్వాకులు ఈ లోయలో విజయపురియను రాజధానిని నెలకొల్పిరి. మూడు దిక్కుల కొండలు, ఒక దిక్కున కృష్ణ. శత్రువులకు చొరరాని తావు. శాసనములలో ఈ కొండలకు శ్రీపర్వతమని పేరు. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు ఈ వంశమున మొదటివాడు. అతడు అశ్వమేధము చేసిన వైదికమతాభిమాని. అతని కుమారుడు వీరపురుషదత్తుడు, మనుమడు ఎహువుల శాంతమూలుడు, పిమ్మట రుద్రపురుషదత్తుడు పాలించిరి. ఆ వంశపు పాలన సుమారొక శతాబ్దకాలము మాత్రమే. కాని ఆ శతాబ్దమున ఈ లోయలో ముప్పదికి మించిన బౌద్ధ సంఘారామములు వెలసినవి. కార్తికేయునకును, అష్టభుజస్వామికిని దేవాలయములును లేచినవి.

రాజు యజ్ఞములు చేయుచుండగా రాజాంతఃపుర స్త్రీలు బౌద్ధసంఘమునకు దానములు చేయుచుండుట ఈ వంశమున వింతయైన విశేషము. శాంతమూలుని సోదరి శాంతిశ్రీ వీరపురుషదత్తుని ఆరవ పాలనావత్సరమున మహాచైత్యమును పూర్తిచేయించినట్లు అచ్చటి స్తంభశాసనములు తెలుపుచున్నవి. బోధిశ్రీయను మరియొక ఉపాసిక రాజకుటుంబమునకు చెందినది కాదు. ఆమె పదునాలుగవ పాలనావత్సరమున తామ్రపర్ణి, అనగా సింహళదేశపు స్థవిరులకొరకు చైత్యగృహమును కట్టించెను. ఆమె శాసనమున ఆ స్థవిరులు ధర్మము బోధించిన దేశముల జాబితా యున్నది: కాశ్మీరము, గాంధారము, చీనా, తోసలి, వంగ, వనవాసి, ద్రావిడము మున్నగునవి. రోమక దేశపు బంగారు నాణెములును ఈ లోయలో దొరికినవి. మనమిప్పుడు దూరదేశయాత్రలను గూర్చి గొప్పగా చెప్పుకొందుము. ఆనాడు ఆ దేశములవారే కృష్ణాతీరమునకు వచ్చుచుండిరి. వియత్నాం మధ్యభాగమున వెలసిన ప్రాచీన చంపారాజ్యములో ఒక సీమకు అమరావతియని పేరుండుట కూడ ఇచ్చట తలచుకొనదగినది.

ఇంతటి శిల్పసంపదకు ఆధారమైనది పలనాటి సున్నపురాయి. యుగయుగముల క్రిందట సముద్రగర్భమున పొరలుపొరలుగా పేరుకొనిన మడ్డి గట్టిపడి రాయియైనది. పలకలుగా విడివడును. ఉలికి లొంగును. సన్నని గీతను సైతము నిలుపుకొనును. బూడిదవన్నె పచ్చదనము కలిసిన ఆ రాతిపై బుద్ధుని జననము, మహాభినిష్క్రమణము, జాతకకథలు, దంపతుల చిత్రములు, పూలతీగలు శిల్పులు మలచిరి. అమరావతిలో పుట్టిన శిల్పశైలికి ఇది కడపటి పూవు అని చెప్పవచ్చును. పైకి సున్నితమైన ఈ రాయి పదునేడు వందల యేండ్లు మట్టిక్రింద చెక్కుచెదరక నిలిచినది.

ఇక్ష్వాకుల తరువాత లోయ పాడుపడెను. మధ్యయుగమున కొండపై కోట కట్టిరి గాని దిగువ చైత్యములను తలచినవారు లేరు. అడవి పెరిగెను. ఆచార్య నాగార్జునుని పేరు మాత్రము కొండకు మిగిలెను.

ఇచ్చట మనబోటి ఉద్యోగులు ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలసిన విషయమొకటి యున్నది. ఈ మహానగరమును వెలికితెచ్చినవారు గొప్ప అధికారులు కారు. మాచర్లకు చెందిన సూరపరాజు వేంకటరామయ్య యను ఉపాధ్యాయుడు లోయలో ప్రాచీన స్తంభమును చూచి, ఊరకుండక మద్రాసు ప్రభుత్వమునకు తెలియజేసెను. 1926లో మద్రాసు శాసనపరిశోధన కార్యాలయమున తెలుగు సహాయకుడుగా నుండిన ఏ. రంగస్వామి సరస్వతి అచ్చటికి పోయి చూచి, అవి ఎంతటి శిథిలములో గుర్తించెను. ఒక బడిపంతులు వ్రాసిన సమాచారము, దానిని అలమరలో పడవేయక కదలిన ఒక సహాయకుడు. ఈ రెండును లేకున్నచో విజయపురి ఎవరికిని తెలియకయే నీటిపాలై యుండెడిది. మన బల్లమీదికి దినదినము వచ్చు కాగితములలో దేని విలువ ఎంతయో ముందుగా నెవరు చెప్పగలరు?

పిమ్మట పుదుచ్చేరిలోని ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రాయ్ ఆ చోటును చూచెను. 1927 మొదలు 1931 వరకు పురావస్తుశాఖకు చెందిన లాంగ్‌హర్‌స్ట్ త్రవ్వకములు జరిపించెను. మహాచైత్యములో చిన్న బంగారు భరిణెలో ఒక ఎముక తునక దొరికెను. ఆ భరిణె స్తూపాకారమైన వెండి పాత్రలో నుండెను. ఆ ధాతువును బుద్ధునిదిగా భావించి మహాబోధి సంఘమున కిచ్చిరి. అది నేడు సారనాథమున మూలగంధకుటీ విహారమున నున్నది. కాశీయాత్రకు పోవు మనవారు సారనాథమున నిలిచి నమస్కరించునప్పుడు, కృష్ణాతీరమునకే నమస్కరించుచున్నామని తెలిసికొనవలెను. 1938 ప్రాంతమున టి. ఎన్‌. రామచంద్రన్ మరికొన్ని త్రవ్వకములు జరిపెను.

ఇంతలో కాలము మారెను. పలనాడు, నల్లగొండ సీమలలో కృష్ణ ప్రక్కనే పారుచున్నను పొలమునకు నీరు లేదు. వాన కురిసిననే పంట. నందికొండవద్ద ఆనకట్ట కావలెనని ముక్త్యాల రాజావారు మొదలగువారు పట్టుదలతో కృషిచేసిరి. 1952లో ఖోస్లా సంఘము ఆ స్థలమును పరిశీలించెను. 1955 డిసెంబరు 10న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. ఆనకట్ట పూర్తియైనచో లోయ యంతయు మునుగుట తథ్యము.

అప్పుడు ఒకే కేంద్రప్రభుత్వమునకు రెండు ధర్మములు ఎదురెదురుగా నిలిచినవి. ఒకటి ఆకలిగొన్న పొలమునకు నీరిచ్చుట. రెండవది పూర్వుల సొత్తును కాపాడుట. రెంటిలో నొకదానిని విడువలేక, ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వమున 1954 నుండి 1960 వరకు లోయనంతటిని శోధించు బృహత్కార్యమును పురావస్తుశాఖ చేపట్టెను. వందకు పైబడిన చోట్ల త్రవ్విరి. రాతియుగపు పనిముట్లు మొదలు మధ్యయుగపు కట్టడముల వరకు వెలికివచ్చినవి. మెట్లవరుసలతో కూడిన ఇటుకల రంగస్థలము బయటపడెను. నదియొడ్డున రాతిపలకల స్నానఘట్టము కనబడెను. గడువు ముందుగనే నిర్ణయమైయున్నది. నీరు వచ్చులోపల పని ముగియవలెను. ముఖ్యమైన తొమ్మిది కట్టడములను రాయికి రాయి గుర్తుపెట్టి విప్పి, కొన్నిటిని కొండపైనను, కొన్నిటిని ఒడ్డున అనుపువద్దను తిరిగి నిలిపిరి. మరి పదునాలుగింటికి నమూనాలు కట్టిరి. ఈజిప్టులో నైలునదిపై అస్వాన్ ఆనకట్ట కారణముగా మునుగనున్న ఆలయములను కాపాడుటకు యునెస్కో ప్రపంచమునకు పిలుపునిచ్చినది 1960లో. అబూసింబెల్ ఆలయములను 1964 మొదలుకొని 1968 వరకు పైకి తరలించిరి. ఆ పని జగత్ప్రసిద్ధమైనది. అంతకుముందే మనవారు తమ చేతులతో ఇంత పని చేసిరని మన పిల్లలకు చెప్పినవారు తక్కువ.

1966లో కొండపై సంగ్రహాలయము ఏర్పడెను. 1967 ఆగస్టు 4న ప్రధానమంత్రి ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచిపెట్టెను. కుడికాలువకు జవహర్ పేరును, ఎడమకాలువకు లాల్‌బహదూర్ పేరును పెట్టిరి. రాతికట్టడమైన ఆ ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు, తలుపులు 26, పూర్తి నీటిమట్టము 590 అడుగులు. ఇరువది లక్షల యెకరములకు పైబడిన ఆయకట్టును ఉద్దేశించి దీనిని కట్టిరి. తరువాతి కాలమున ఎగువను శ్రీశైలము ప్రాజెక్టు వచ్చినప్పుడును ఇట్టి కష్టమే కలిగెను. కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి ఆలంపురమునకు తరలించిరి. నేడు సాగరమునకు ఒక గట్టు తెలంగాణమున నల్లగొండ జిల్లాలోను, మరియొక గట్టు ఆంధ్రప్రదేశమున పలనాడు జిల్లాలోను ఉన్నవి. నీరు మాత్రము ఒక్కటే.

పడవ కొండను చేరినది. మెట్లెక్కి సంగ్రహాలయము చూచితిమి. ఆయక స్తంభములు, జాతకఫలకములు, నిలువెత్తు బుద్ధవిగ్రహము, అన్నియు చూచితిమి. తిరిగివచ్చునప్పుడు ఆ బాలిక మరల నడిగినది: “ఆ ఊళ్ళవాళ్ళు ఏమయ్యారు?” ఈ ప్రశ్నకు సంగ్రహాలయమున జవాబు లేదు. లోయలో పుల్లారెడ్డిగూడెమను గ్రామముండెను. అట్టివి మరికొన్ని యుండెను. రాళ్ళకు సంఖ్యలు వేసి జాగ్రత్తగా పైకి తెచ్చిరి. మనుష్యులు మూటలు కట్టుకొని లేచిపోయిరి. శాంతిశ్రీ దానమునకు శాసనమున్నది. బోధిశ్రీ దానమునకు శాసనమున్నది. తమ యిల్లును, పొలమును విడిచి లక్షలాది కుటుంబములకు అన్నము పెట్టినవారి దానమునకు శాసనము నాకు కనబడలేదు. ఆనకట్ట కట్టుట తప్పని నేను చెప్పుటలేదు. పలనాటి రైతునడిగిన అట్లు చెప్పనీయడు. అయితే నీటివలన బాగుపడినవారు ఆ నీటికి చోటిచ్చినవారిని తలచుకొనుట కనీసధర్మము.

ఈ మాట మనకు దూరపుది కాదు. మనము నివసించు జనక్‌పురి యేమి? ఢిల్లీ అభివృద్ధి సంస్థ ఈ కాలనీని వేయకముందు ఇదియు పొలములే. అసాలత్‌పూర్, పోసంగీపూర్ గ్రామముల పేర్లు మన బ్లాకుల నడుమ నేటికిని వినబడుచున్నవి. ఎక్కడినుండియో బదిలీపై వచ్చి, ఒకరి పొలమున కట్టిన యింట సంక్రాంతి ముగ్గు వేసికొనుచున్నాము. పాతవారిని తలచుకొనుటకు పడవ యెక్కవలసిన పనియు లేదు.

సోదరసోదరీమణులకు రెండు విన్నపములు. వచ్చే యెల్‌.టి.సి.కి సొంతయూరు పోవునప్పుడు ఒక దినము నాగార్జునకొండకు కేటాయింపుడు. శుక్రవారము సంగ్రహాలయమునకు సెలవు గనుక మరియొక దినమున పొండు. అంతవరకు ఆగలేనివారు ఒక ఆదివారమున మెట్రో యెక్కి, పిల్లలను జాతీయ సంగ్రహాలయమునకు తీసికొనిపొండు. నాగార్జునకొండ శిల్పములు కొన్ని కృష్ణాతీరమునుండి మనవలెనే ఢిల్లీ చేరినవి. ఆ రాతిముందు నిలిచి, ఇది పలనాటి సున్నపురాయి యనియు, దీనిని మొదట గుర్తించినవారిలో ఒక తెలుగు బడిపంతులును, ఒక తెలుగు గుమాస్తాయు కలరనియు పిల్లలకు చెప్పుడు. వారు తప్పక ఆ బాలిక అడిగిన ప్రశ్నయే అడుగుదురు. బదులు చెప్పుటకు సిద్ధముగా నుండుడు.