రుద్రాక్షకు గీటురాయి ఏది?

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు పత్తి వస్తే ముందు తేమ చూస్తారు. భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోళ్లలో 8 శాతం తేమకు పూర్తి మద్దతు ధర, ఆపైన కోత, 12 దాటితే సరుకు తిరుగుముఖం పడుతుంది. ఆ కోతల మీద రైతుకు కోపం ఉండొచ్చు. కానీ కొలిచేదేమిటో అమ్మేవాడికీ కొనేవాడికీ ఇద్దరికీ తెలుసు. అదే ప్రాంతం వాళ్లు ఐనవోలు, కొమురవెల్లి, వేములవాడ వంటి శైవక్షేత్రాలకు వెళ్లి రుద్రాక్ష కొనాలంటే మాత్రం నీళ్లలో మునిగిందా, రెండు రాగి నాణేల మధ్య తిరిగిందా అన్న మాటలే ఆధారం. ఈ పరీక్షలకు గ్రంథాధారం గానీ, వృక్షశాస్త్ర ఆధారం గానీ లేదు. రుద్రాక్షను దాని కాయను బట్టే గుర్తుపట్టాలి. మన పాత గ్రంథాలు చాలామేరకు చెప్పిందీ అదే.

ఈ నేలకు రుద్రాక్ష నిన్నమొన్న వచ్చింది కాదు. కాకతీయ రెండో బేతరాజు గురువు రామేశ్వర పండితుడు కాలాముఖ శైవాచార్యుడు. 1163లో రుద్రదేవుడు హనుమకొండలో వేయిస్తంభాల గుడి కట్టించాడు. 1261 నాటి మల్కాపురం శాసనం రుద్రమదేవి కాలంలో గోళకీ శైవమఠాచార్యుడు విశ్వేశ్వర శివాచార్యుడికి అందిన దానాలనూ, ఆయన నడిపిన మఠం, పాఠశాల, ఆరోగ్యశాలలనూ వివరిస్తుంది. పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు తెలుగులోకి తెచ్చిన వీరశైవంలో విభూతి, మంత్రాలతో పాటు రుద్రాక్ష కూడా అష్టావరణాల్లో ఒకటి. అయితే ఇంత గిరాకీ ఉన్న ఈ పొడి నేలల్లో ఆ చెట్టు సహజంగా పెరగదు. అది నేపాల్, ఈశాన్య భారతం, జావా వంటి తడి ప్రాంతాల చెట్టు. మెడలో పూసను ధరించినవాళ్లలో దాని నీలిరంగు కాయను కళ్లారా చూసినవాళ్లు బహుతక్కువ మంది అయి ఉండాలి. మోసానికి చోటిచ్చింది ఈ దూరమే.

గ్రంథాలు ఏమంటున్నాయో చూద్దాం. రుద్రాక్షజాబాలోపనిషత్తు ఉసిరికాయంత పూసను ఉత్తమమనీ, రేగుపండంతదాన్ని మధ్యమమనీ, శనగగింజంతదాన్ని అధమమనీ అంటుంది. పురుగు తొలిచినవి, పగిలినవి, ముళ్లు లేనివి వద్దంటుంది. గీటురాయి మీద బంగారు గీత వంటి గీత పడాలంటుంది. నీటి పరీక్ష, నాణేల పరీక్ష అందులో లేవు. శివపురాణమేమో పూస ఎంత చిన్నదైతే ఫలం అంత ఎక్కువని కూడా చెబుతుంది. అంటే పరిమాణం విషయంలో సంప్రదాయానికే ఒక్క మాట లేదు. పెద్దదా, చిన్నదా అన్నది ఇష్టానికి సంబంధించిన సంగతే తప్ప అసలు నకిలీలను తేల్చే కొలత కాదు. పూస చెక్కుచెదరకుండా ఉండాలి, దాని గరుకుదనం సహజమైనదై ఉండాలి అన్నవి మాత్రం ఎవరైనా కంటితో చూసి తేల్చుకోగల షరతులు.

ఇక వాడుకలో ఉన్న పరీక్షలు. రుద్రాక్ష అంటే కాయలోని గట్టి టెంక. బాగా ఎండి, లోపలి గదులు ఖాళీగా ఉన్న అసలు పూస తేలవచ్చు. బరువైన కర్రతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన నకిలీ మునగవచ్చు. నూనెలో నానిన పూస కూడా బరువెక్కుతుంది. నాణేల మధ్య పూస తిరగడానికి కారణం దాని ఎగుడుదిగుళ్ల మీద వేళ్ల ఒత్తిడి సమానంగా పడకపోవడమే. గాడులున్న ఏ గుండ్రటి వస్తువైనా అలాగే తిరుగుతుంది. నమ్మదగిన సాక్ష్యం ముఖాల దగ్గరే ఉంది. ప్రతి ముఖపు గీత వెనుకా టెంకలో ఒక గది ఉంటుంది. గీత ఒక కొసన మొదలై రెండో కొస వరకు తెగకుండా నడుస్తుంది. అయిదుముఖాల పూసపై అదనపు గీతలు చెక్కి ఎక్కువ ధరకు అమ్మేవాళ్లు లోపల గదులను పెంచలేరు. రెండు పూసలను జిగురుతో అతికి, సహజంగా జంటగా పెరిగిన గౌరీశంకరమని అమ్మినా అతుకు భూతద్దం కింద బయటపడుతుంది.

భక్తికి పరీక్షేమిటని కొందరు అడుగుతారు. పూసలను ఏరి, కొన్నింటిని వద్దన్నది భక్తి గ్రంథాలే కదా. పరీక్షను తప్పుపడితే ఆ గ్రంథాలనే తప్పుపట్టినట్టవుతుంది. అడ్డంగా కోస్తే పూస పాడవుతుందన్నది ఇంకో అభ్యంతరం. ఇది న్యాయమైనదే. అందుకే ఖరీదైన పూసకు ఎక్స్‌రే ఉంది. అది గదులను పూసకు హాని లేకుండా చూపిస్తుంది. పంచముఖి మాలకైతే ఆ ఖర్చు కూడా అక్కర్లేదు. అన్నిటికన్నా విరివిగా, చవకగా దొరికేది అదే గనుక అదే రాశిలోంచి ఒక పూసను కోయించి చూడవచ్చు. ఇన్ని ముఖాలకు ఇంత ఫలమన్న మాటను ఏ యంత్రమూ తేల్చలేదు. అది ధరించేవాడి విశ్వాసానికి వదిలేయాల్సిందే. కానీ ముఖాలు ఎన్నో, అవి చెట్టు ఇచ్చినవో ఉలి ఇచ్చినవో తేల్చవచ్చు. ఆ విశ్వాసాన్నే పెట్టుబడిగా చేసుకుని వేల రూపాయలకు ఏకముఖి అమ్మేవాడు ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం చెప్పి తీరాలి. తేమ కొలవనిదే పత్తికి ధర కట్టని ప్రాంతంలో భక్తుడికి అంతకన్నా తక్కువ రక్షణ ఉండటం తగదు.