కాలు తీసేశాక దిండు పెట్టి పడుకుంటున్నారా..? ఆ పొరపాటే మళ్లీ నడవకుండా చేస్తుంది..!

షుగర్ పుండు ముదిరో, రోడ్డు ప్రమాదంలోనో కాలు తీసేయాల్సి వస్తే.. ఆపరేషన్ అయిపోయింది కదా, కృత్రిమ కాలు పెట్టుకుంటే నడిచేయొచ్చు అనుకుంటారు చాలామంది. కానీ అసలు పని అప్పుడే మొదలవుతుంది. కృత్రిమ కాలు వచ్చేలోపు చేసే వ్యాయామాలే నడకకు పునాది.

దిండు ఎందుకు వద్దంటే..

నొప్పి తగ్గుతుందని మిగిలిన కాలి కింద దిండు పెట్టడం ఇళ్లలో మామూలే. రోజుల తరబడి అలాగే ఉంచితే తుంటి, మోకాలు వంగిన చోటే బిగుసుకుపోతాయి. మోకాలు చాపలేకపోతే కృత్రిమ కాలు సరిగ్గా అమరదు. గంటల కొద్దీ కుర్చీలో కూర్చున్నా ఇదే సమస్య. అందుకే డాక్టర్ సరేనన్నాక రోజుకు రెండు మూడు సార్లు, 15 - 20 నిమిషాలు బోర్లా పడుకోవాలి.

మోకాలి కింద తీసేసిన వారికి వ్యాయామాలు

* వెల్లకిలా పడుకుని తొడ కండరం బిగించి, మోకాలిని పరుపుకు నొక్కాలి. 5 సెకన్లు ఉంచి వదలాలి. ఇలా 10 సార్లు.

* తువ్వాలు చుట్టి రెండు తొడల మధ్య పెట్టి నొక్కాలి.

* మంచి కాలి వైపు తిరిగి పడుకుని, ఆపరేషన్ అయిన కాలిని పైకి లేపాలి.

* బోర్లా పడుకుని అదే కాలిని వెనక్కి లేపాలి.

చేతులకు, మంచి కాలికి కూడా బలం కావాలి. చంక కర్రల మీద బరువు మోసేది అవే.

లేని కాలు నొప్పి పుడుతోందా..?

తీసేసిన పాదం మండుతోందని పేషెంట్ చెబితే భ్రమ అని కొట్టిపారేయొద్దు. అది నిజమైన నొప్పే. కాలు లేకపోయినా మెదడులో దాని గుర్తు మిగిలే ఉంటుంది. దీనికి 1990లలో నాడీ శాస్త్రవేత్త వీఎస్ రామచంద్రన్ అద్దం చికిత్స తెచ్చారు. మంచి కాలిని అద్దంలో చూస్తూ కదిలిస్తే కొందరికి ఉపశమనం దొరుకుతుంది.

మయూరి గుర్తుందా..?

1981లో బస్సు ప్రమాదం తర్వాత కాలు కోల్పోయిన సుధా చంద్రన్, జైపూర్ ఫుట్‌తో మళ్లీ నాట్యం చేశారు. ఆ కథతోనే తెలుగులో ‘మయూరి’ వచ్చింది. అందులో నటించింది కూడా ఆమే. ఆ అడుగుల వెనుక ఉన్నది నెలల సాధన.

గమనిక: గాయం ఎర్రబడినా, చీము కారినా వ్యాయామం ఆపి వెంటనే డాక్టర్‌ను కలవండి. షుగర్ ఉన్నవారు రెండో పాదాన్ని రోజూ చూసుకోవాలి. ఏ వ్యాయామమైనా ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకున్నాకే ఇంట్లో చేయండి.