కొల్లేరుకు గుర్రపుడెక్క బెడద

పట్టిసీమ దాటి వచ్చే గోదావరి జలాలు ధవళేశ్వరం ఆనకట్ట నుండి పశ్చిమ డెల్టా కాలువలకు చేరుతాయి. ఆ ఆయకట్టు మురుగునీటిలో కొంత కొల్లేటిలో కలుస్తుంది. 1999లో అభయారణ్యంగా ప్రకటితమై, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరిన ఈ మంచినీటి సరస్సును దక్షిణ అమెరికాకు చెందిన గుర్రపుడెక్క పీడిస్తున్నది. పొలాల ఎరువులు, పట్టణాల మురుగు దానికి పోషకాలు. నీటిపై దట్టంగా అల్లుకొని సూర్యరశ్మిని అడ్డుకోవడం వలన ప్రాణవాయువు తగ్గి చేపలకు, వాటిపై ఆధారపడిన పక్షులకు హాని కలుగుతున్నది. మురుగు కాలువల్లో ప్రవాహం మందగించి పొలాలు ముంపునకు గురవుతున్నాయి. దీని విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి సజీవంగా ఉంటాయి. కనుక ఒకసారి తొలగిస్తే చాలదు. పూతకు ముందే తీయడం, తీసిన డెక్కను గట్టుపై వదలక ఎరువుగా మార్చడం, శుద్ధి చేయని మురుగును అరికట్టడం ఏకకాలంలో జరగవలసి ఉన్నది.