ఊడిరావడం నేర్చిన టేపు

పడగ్గదిలో మంచం తలవైపు గోడకు త్రికోణాలో, పలకలో, కొండల వరసలాంటి కోణాలో వేయించుకోవడం ఇప్పుడు కొత్త ఫ్లాట్లలో మామూలైపోయింది. వేయించుకోవడమేమిటి, చాలామంది సెలవు రోజు చూసుకుని సొంతంగానే వేసేసుకుంటున్నారు. కాగితం మీద తిన్నగా గీత గీయలేనివాళ్లు కూడా పదడుగుల గోడ మీద కత్తితో కోసినట్టు అంచులు తీస్తున్నారు. ఆ పనితనం చేతిది కాదు, టేపుది. గోడలకు రంగులేయడం మనిషికి వేల ఏళ్లుగా తెలుసు గానీ, ఈ రకం గోడ వెనకున్నది మాత్రం వందేళ్ల కథే. అది మొదలైంది అమెరికాలో, కార్లకు రంగులేసే షెడ్లలో.

మోటారు కార్లు వచ్చిన కొత్తలో వాటికి వేసే రంగు ఆరడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పట్టేది. ఫోర్డ్ కంపెనీ 1914 నుంచి పదేళ్లకు పైగా మోడల్ టి కారును నల్లరంగులో మాత్రమే అమ్మింది. 1923 ప్రాంతంలో డూపాంట్ కంపెనీ తెచ్చిన ‘డ్యూకో’ లాకర్ పెయింటు గంటల్లో ఆరిపోయేది, పైగా రకరకాల రంగుల్లో దొరికేది. జనరల్ మోటార్స్ దాన్ని అందిపుచ్చుకుంది. కారు పై భాగం ఒక రంగు, కింది భాగం ఇంకో రంగు ఉండటం ఫ్యాషనైపోయింది.

కొన్నవాళ్లకు ముచ్చట, పెయింటర్లకు నరకం. మొదటి రంగు ఆరాక దాన్ని కప్పిపెట్టి, పక్కన రెండో రంగు కొట్టాలి. కప్పడానికి పాత న్యూస్‌పేపర్లు, కసాయి కొట్లలో మాంసం చుట్టే కాగితం, వాటిని అంటించడానికి జిగురు, లేదంటే ఆస్పత్రుల్లో కట్లకు వాడే టేపు. జిగురు ఎండి బిగిసేది. కాగితం లాగితే దాంతోపాటు కింది రంగూ పెచ్చులుగా లేచి వచ్చేది. మళ్లీ గీకాలి, మళ్లీ రుద్దాలి, మళ్లీ వేయాలి. కూలి గిట్టదు, తిట్లు ఆగవు.

1923లో మిన్నెసోటా రాష్ట్రం సెయింట్ పాల్ నగరంలో అలాంటి ఒక షెడ్డులో ఆ తిట్లు విన్న కుర్రవాడు రిచర్డ్ డ్రూ. వయసు 24. డాన్సు బృందాల్లో బాంజో వాయించి కాలేజీ ఫీజులు కట్టుకున్నాడు. ఇంజనీరింగ్ చదువు మధ్యలో ఆపేశాడు. 1921లో మిన్నెసోటా మైనింగ్ అండ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీలో, అంటే నేటి త్రీఎంలో, లాబ్ టెక్నీషియన్‌గా చేరాడు. కంపెనీ చేసేది ఉప్పుకాగితం. నీళ్లతో తడిపి రుద్దినా పాడుకాని కొత్త రకం ఉప్పుకాగితాన్ని కార్ల షెడ్లలో పరీక్షకు ఇచ్చి రావడం అతని పని. పెయింటర్ల గోడు విని, ‘నేను చేసిస్తాను, రంగు ఊడని టేపు’ అని మాటిచ్చేశాడు. ఎలా చేయాలో అతనికీ తెలియదు, అతని కంపెనీకీ తెలియదు. కాకపోతే కాగితానికి బంక పట్టించడం ఉప్పుకాగితం చేసేవాళ్లకు కొట్టిన పిండే.

అంటించడం తేలికే. కావలసింది, గట్టిగా పట్టుకోవాలి గానీ వదలమన్నప్పుడు మచ్చ లేకుండా వదలాలి. అంతవరకు బంక తయారుచేసినవాళ్లెవరికీ ఈ రెండో షరతు లేదు. డ్రూ వంటనూనెలు, రకరకాల చెట్ల జిగుళ్లు, అవిసె నూనె, గ్లిసరిన్ ఒకదానితో ఒకటి కలుపుతూ రెండేళ్లు గడిపాడు. మధ్యలో కంపెనీ పెద్ద విలియం మెక్‌నైట్ పిలిచి, ఇక ఆ పిచ్చి కట్టిపెట్టి ఉప్పుకాగితం పని చూడమన్నాడు. కొన్నాళ్లు బుద్ధిగా చూశాడు. తర్వాత బంక పట్టించే కాగితంగా ముడతలు ముడతలుగా ఉండే క్రేప్ కాగితం పనికొస్తుందని తట్టింది, మళ్లీ టేపు మీద పడ్డాడు. ముడతలుంటే కాగితం సాగుతుంది, కారు వంపుల మీద కూడా చినగకుండా ఒదుగుతుంది.

టేపు తయారీకి యంత్రం కావాలి. అడిగితే లేదన్నారు. డ్రూకు పైవాళ్ల సంతకం లేకుండా వంద డాలర్ల దాకా కొనుగోళ్లు చేసే అధికారం ఉంది. వందకు మించకుండా ముక్కలు ముక్కలుగా బిల్లులు పెట్టి ఆ యంత్రాన్ని తెప్పించుకున్నాడు. పని ఫలించాక తనే వెళ్లి మెక్‌నైట్‌కు చెప్పాడు. మేనేజ్‌మెంట్ పాఠాల్లో ఇది యజమాని ఓర్పుకు ఉదాహరణగా వస్తుంటుంది. నాకైతే ఇందులో ఓర్పు కంటే బిల్లుల గడుసుతనమే ఎక్కువ నచ్చుతుంది. మన ఆఫీసుల్లో అయితే ఆడిట్ అభ్యంతరంతో ఆ టేపు అక్కడే చుట్టుకుపోయేది.

1925లో రెండంగుళాల వెడల్పుతో మాస్కింగ్ టేపు షెడ్లకు చేరింది. మొదట్లో ఇచ్చిన ఒక రకానికి పొదుపు కోసం రెండంచుల్లోనే బంక రాశారట. రంగు కొట్టే వేళకు అది ఊడి పడింది. ఒక పెయింటర్ మండిపడి, ‘మీ స్కాచ్ దొరలకు చెప్పు, ఇంకాస్త బంక రాయమని’ అన్నాడని కంపెనీలో చెప్పుకుంటారు. స్కాట్లండ్ వాళ్లు పిసినారులని అక్కడో వెక్కిరింపు. ఆ తిట్టే తర్వాత బ్రాండు పేరైంది. అయిదేళ్లకు, 1930లో, ఇదే డ్రూ సెలొఫేన్‌తో చేసిన పారదర్శక టేపు వచ్చి లోకమంతా పాకింది. గోడల కథకు మాత్రం ముడతల కాగితమే ముఖ్యం.

కారు షెడ్డు దాటిన టేపు చిత్రకారుల చేతికి చిక్కింది. 1940లో యుద్ధానికి దూరంగా న్యూయార్క్ చేరిన డచ్ చిత్రకారుడు పీట్ మోండ్రియాన్ రంగు కాగితపు టేపులను కాన్వాసు మీద అటూ ఇటూ జరుపుతూ గీతలు కూర్చేవాడు. అలా సగంలో ఆగిపోయిన ‘న్యూయార్క్ సిటీ 1’ దశాబ్దాలుగా తలకిందులుగా వేలాడుతోందని 2022లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ మ్యూజియం క్యురేటర్ చెప్పారు. అయినా తిప్పలేదు. తిప్పితే ఎండిన టేపులు రాలిపోతాయేమోనని భయం. ఇక బార్నెట్ న్యూమన్ 1948 జనవరిలో, తన పుట్టినరోజున, ముదురు ఎర్ర కాన్వాసు నడిమధ్య నిలువునా మాస్కింగ్ టేపు అంటించి, రంగు ఎలా ఉంటుందో చూద్దామని దాని మీదే కాస్త ఎరుపు పూశాడు. చూస్తూ ఆగిపోయాడు. టేపు తీయలేదు, నెలల తరబడి దాన్నే చూస్తూ ఆలోచించాడు. ఆ బొమ్మ ‘వన్‌మెంట్ 1’, ఇప్పుడు న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉంది, టేపుతో సహా. ఊడిరావడమే పనిగా పుట్టిన వస్తువు ఊడకుండా ఉండిపోయి చరిత్రకెక్కింది.

అదే 1948లో అమెరికాలో గ్లిడెన్ కంపెనీ నీళ్లతో కలిపే లేటెక్స్ రంగును ఇళ్ల కోసం అమ్మకానికి పెట్టింది. కళా చరిత్రకారులు దీన్ని పట్టించుకోరు గానీ, పడగ్గది గోడకు ఇది న్యూమన్ కంటే పెద్ద సంఘటన. టర్పెంటైన్ ఘాటు లేదు, త్వరగా ఆరుతుంది, బ్రష్షు కుళాయి కింద కడుక్కోవచ్చు. రంగులేయడం అప్పటినుంచే ఇంటివాళ్ల పని కావడం మొదలైంది.

బొమ్మ గోడెక్కింది కాలిఫోర్నియాలో. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన సముద్రపు ఒడ్డున సీ రాంచ్ అనే కాలనీ కడుతున్నారు. 1960ల మధ్యలో అక్కడి ఈతకొలను క్లబ్బు కట్టేసరికి డబ్బు అడుగంటింది. లోపలి గోడలు బోసిగా ఉన్నాయి. వాటి సంగతి చూడమని బార్బరా స్టౌఫాకర్ సాలమన్‌కు అప్పగించారు. ఆమె ఒకప్పుడు నర్తకి. స్విట్జర్లండ్‌లోని బాసెల్‌లో ఆర్మిన్ హోఫ్‌మన్ దగ్గర గ్రాఫిక్ డిజైన్ చదివింది. సైన్‌బోర్డు పెయింటర్లను వెంటబెట్టుకుని వెళ్లి, తెల్లగోడల మీద ఎరుపు, నీలం, నలుపు పట్టీలు, బాణాలు, సగం కోసిన వృత్తాలు నిలువెత్తున వేయించింది. పట్టీ గోడ మూల దగ్గర ఆగదు, మలుపు తిరిగి పక్క గోడెక్కుతుంది, మెట్ల వెంట పైకి పోతుంది. ఇరుకు గది ఒక్కసారిగా విశాలమైనట్టు కనిపిస్తుంది. ఖర్చల్లా రంగు డబ్బాలు, కూలి. ఆర్కిటెక్చర్ పత్రికలు ఈ పద్ధతికి సూపర్‌గ్రాఫిక్స్ అని పేరు పెట్టి ఆకాశానికెత్తాయి. 1970లు వచ్చేసరికి అది పిల్లల గదుల్లోకి, పడగ్గదుల్లోకి దిగింది. సాలమన్ 2024లో, 95 ఏళ్ల వయసులో కన్నుమూసింది. ఆమె పేరు వినకుండానే ఆమె పట్టీలను వేసుకున్న ఇళ్లు లెక్కలేనన్ని.

ఇళ్లలోకి వచ్చాక టేపుకు మరో పరీక్ష ఎదురైంది. షెడ్డులో టేపు ఆ పూటే తీసేస్తారు. ఇంట్లో వారాంతానికి మొదలుపెట్టిన పని వచ్చే వారాంతానికి గానీ ముగియదు. ఎండ తగిలే గోడ మీద మామూలు టేపు బంక కాలి గోడకు కరుచుకుపోతుంది. 1980ల చివర త్రీఎం తెచ్చిన నీలం టేపు దానికి జవాబు. బంక బలహీనం, ఎండకు ఓర్చుకుంటుంది, రోజులు గడిచినా మర్యాదగా వదులుతుంది. డ్రూ పెట్టుకున్న రెండో షరతునే ఇంకో మెట్టు ఎక్కించారు.

మన గోడలకు అడ్డపట్టీ కొత్తేం కాదు. సున్నం వేసిన గోడకు అడుగున ఎర్రమట్టి పట్టీ మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉంది. రంగుపొడి అద్దిన దారాన్ని ఇద్దరు రెండు చివర్లా బిగబట్టి, మధ్యలో లాగి వదిలితే గోడ మీద గీత పడేది. ఆ గీత వెంట కుంచె నడిపేది మాత్రం చెయ్యే. టేపు వచ్చాక దారం పోలేదు, కొలతకు ఇప్పటికీ అదే. చిక్కల్లా గోడతోనే. ఆ టేపు పుట్టింది ఇనుప రేకు మీద రంగు కోసం. మన గోడ అలా కాదు: సిమెంటు, దాని మీద లప్పం, దాని మీద రంగు. లప్పం సరిగా ఆరకపోయినా, ప్రైమర్ ఎగ్గొట్టినా, టేపు ఎంత మర్యాదస్తురాలైనా రంగును పొరలు పొరలుగా లాక్కొచ్చేస్తుంది. పాత సున్నం గోడ మీదైతే పొడి రాలి అసలు అంటుకోనే అంటుకోదు.

చేయి తిరిగిన పెయింటర్లు టేపు వేశాక అంచు మీద ముందు గోడ పాత రంగునే ఒక పల్చని పూత ఇస్తారు. టేపు కింద సందుల్లోకి దూరేదేదో ఆ రంగే దూరి, ఆరి, దారి మూసేస్తుంది. ఆపై కొత్త రంగు వేస్తే అంచు పాకదు. చివరి పూత ఇంకా కాస్త పచ్చిగా ఉండగానే, టేపును వెనక్కి మడిచి మెల్లగా లాగుతారు. పూర్తిగా ఆరనిస్తే రంగు పొర టేపు మీదుగా ఒకే చర్మంలా పేరుకుని, అంచు దగ్గర చీలికలు వస్తాయి. అద్దె ఇంట్లో ఉండేవాళ్లు మాత్రం రంగు కొట్టేముందే ఒకటి లెక్కేసుకోవాలి: ఖాళీ చేసేటప్పుడు తెల్లరంగు కొడితే ముదురు నీలం కప్పబడుతుంది గానీ, టేపు అంచున మిగిలిన సన్నటి గట్టు దీపం వెలుతురులో కనబడుతూనే ఉంటుంది. దానికి ఉప్పుకాగితం పట్టాల్సిందే.