కోటిపల్లి రైలు: కర్త లేని మూడు వాక్యాలు

కాకినాడ – కోటిపల్లి రైలు మార్గం గురించి ఎవరిని కదిపినా మూడు వాక్యాలు చెబుతారు. 1928లో వేశారు. 1940లో పీకేశారు. 2004లో మళ్లీ వేశారు. తెలుగు పాఠం చెప్పేవాణ్ని కదా, నేను ముందు వ్యాకరణం దగ్గరే ఆగిపోతాను. మూడింటిలోనూ కర్త లేడు. మన చరిత్రలో కర్త మాయమైన ప్రతిచోటా కాస్త తవ్వి చూడాలి మిత్రులారా.

కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గౌతమి ఒడ్డున ఉన్న కోటిపల్లి దాకా సుమారు 45 కిలోమీటర్లు. భీమేశ్వరుడు, సోమేశ్వరుడు, పుష్కర స్నానాలు... దీన్ని యాత్రికుల రైలుగా చెప్పడం అలవాటైపోయింది. కానీ దారి పొడుగునా ఉన్నది వరి పొలం. ఒక చివర రేవు పట్నం, రెండో చివర గోదావరి. నది అవతల కోనసీమ. రైలు దిగినవాడు ముక్తేశ్వరం వెళ్లాలంటే ఏరు దాటాల్సిందే.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. సర్కారుకి ఇనుము కావాలి, పట్టాలు కావాలి. మద్రాసు – కలకత్తా మెయిన్ లైను జోలికి ఎవరూ పోలేదు. దేశంలో చాలాచోట్ల బ్రాంచి లైన్లు ఊడదీశారు, వాటిలో ఇదొకటి. ఎవరు అరిచినా ఢిల్లీకి వినపడదో అక్కడి పట్టాలే ముందు లేస్తాయి. సరే, తెల్లవాడు పీకాడు. 1945లో యుద్ధం అయిపోయింది, 1947లో స్వాతంత్ర్యం వచ్చింది. ఆ తర్వాత ఇన్ని దశాబ్దాలు ఆపిందెవరు? ఆ ప్రశ్నకి తెల్లవాణ్ని చూపిస్తే కుదరదు.

మూడో వాక్యానికి మాత్రం కర్త ఉన్నాడు. గంటి మోహనచంద్ర బాలయోగి. 1951లో ఎదుర్లంకలో పుట్టాడు. సొంత ఊళ్లో ప్రాథమిక పాఠశాల కూడా లేని పిల్లవాడు. ఆంధ్రా యూనివర్సిటీలో చదివి, కాకినాడలో వకీలయ్యి, 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్ అధ్యక్షుడయ్యాడు. 1991లో అమలాపురం రిజర్వుడు స్థానం నుంచి లోక్‌సభకి, 1998లో స్పీకర్ కుర్చీకి వెళ్లాడు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు. 1999లో ఒక్క ఓటుతో వాజపేయి ప్రభుత్వం పడిపోయిన రోజు సభ నడిపిన మనిషిగానే దేశం ఆయన్ని గుర్తు పెట్టుకుంది. గోదావరి జిల్లాల వాళ్లకైతే రైలు అడిగిన మనిషి. అరవై ఏళ్లు పట్టాలు లేకుండా పడున్న దారిని ఢిల్లీలో పట్టుబట్టి లేపింది ఆయనే.

ఈ లైను ఒక్క దళితుల కోసం వేసింది కాదు. నా పాయింటు కూడా అదే. “రిజర్వుడు సీటు వాడు వాళ్లవాళ్లకే చేసుకుంటాడు” అనే మాట మనం ఎన్ని అరుగుల మీద వినలేదు! ఈ రైలు బియ్యం వ్యాపారికీ, కొబ్బరి తోటల ఆసామికీ, ద్రాక్షారామం వెళ్లే భక్తుడికీ అందరికీ. అదే అమలాపురంలో 2022 మే 24న, జిల్లాకి అంబేద్కర్ పేరు వద్దంటూ మంత్రి ఇంటికి నిప్పు పెట్టారు. మా చేతిలోంచి రైలు తీసుకోవచ్చు, మా పేరు మాత్రం బోర్డు మీద ఉండకూడదు!

2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి బాలయోగి చనిపోయాడు. 2004లో కోటిపల్లికి రైలు వచ్చేసరికి ఆయన లేడు. తర్వాత ఆ పట్టాల మీద తిరిగింది చాలావరకు రైలు బస్సే. ఆయన కోరిన అసలు దారి ఇంకా పెద్దది: కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నర్సాపురం, 57 కిలోమీటర్లు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయలూ దాటాలి. 2000–01లో మంజూరైంది. పాతికేళ్లు గడిచాయి. ఏటిలో స్తంభాలు లేచాయి, పక్కనుంచే పంటు మీద జనం దాటుతూ వచ్చారు.

మొదటి వాక్యానికి కర్త ఇంకా దొరకలేదు. 1928లో కట్ట పోసిన చేతులవి ఏ పేర్లో పుస్తకాల్లో లేవు. మద్రాసు రాష్ట్రంలో మట్టిపని చేసినవాళ్లలో వడ్డెరలు ఎక్కువ. కాకినాడ, రామచంద్రపురం కాలేజీల్లో చదివే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక పని చెబుతాను. పాత రైలు ఎక్కినవాళ్లు ఎవరైనా మిగిలుంటే తొంభై దాటి ఉంటారు. ఈ సెలవుల్లోనే మాలపల్లెలకీ మాదిగ గూడేలకీ వెళ్లండి. ఫోనులో రికార్డు చేయండి. కట్ట ఎవరు పోశారు, కూలి ఎంతిచ్చారు, టికెట్టు కొని ఎక్కితే పెట్టెలో ఎక్కడ కూర్చోనిచ్చారు అని అడగండి.

జై భీమ్.