వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ వృత్తాంతం
యోహాను సువార్తలోని (7:53–8:11) 12 వచనాల ఘట్టం; తీర్పుకు బదులు కనికరం చూపాలన్న క్రైస్తవ బోధకు ముఖ్య ఆధారం. యెరూషలేము దేవాలయంలో యూదు మతపెద్దలైన శాస్త్రులు, పరిసయ్యులు ఆ స్త్రీని నడుమ నిలబెట్టి, మోషే ధర్మశాస్త్రం ప్రకారం రాళ్లతో కొట్టే విషయమై యేసు మాట అడిగారు. ఆయన వంగి నేలమీద వేలితో రాశాడు. పాపం లేనివాడే మొదటి రాయి వేయాలని చెప్పి, మళ్లీ వంగి రాశాడు. ఏం రాశాడో సువార్త చెప్పదు. పెద్దవాళ్లతో మొదలై ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆయన ఆమెకు శిక్ష విధించలేదు, ఇకపై పాపం చేయవద్దన్నాడు. ఈ కనికరం తప్పును ఒప్పుగా మార్చేది కాదు. 4వ శతాబ్దపు సినాయ్, వాటికన్ గ్రీకు ప్రతుల్లో ఈ ఘట్టం లేదు. బెజా అనే మరో పాత ప్రతిలో ఉంది. స్త్రీలు దీన్ని అలుసుగా తీసుకుంటారన్న భయంతోనే కొందరు తమ ప్రతుల నుంచి తొలగించారని క్రైస్తవ వేదాంతి అగస్టీన్ భావించాడు.