గుంటకు 121 గజాలే ఎందుకు?

సికిందరాబాదులో స్థలం కొన్నవారికీ, కొనాలని ఆశపడేవారికీ కంఠతా వచ్చిన ఎక్కం ఒకటుంది. గుంటకు 121 గజాలు, ఎకరానికి 40 గుంటలు. మారేడుపల్లిలో సాయంకాలపు నడకకు వచ్చే విశ్రాంత ఉద్యోగులు మొదలు, శివార్లలో ప్లాట్లు చూపించే మధ్యవర్తుల దాకా అందరి నోటా ఇదే లెక్క. నూరూ కాదు, నూట పాతికా కాదు, ఈ 121 ఎక్కడిదని అడిగినవారిని మాత్రం నేను చూడలేదు. పిల్లలకు ఛందస్సు చెప్పి బ్రతికినవాణ్ణి, గణాల లెక్కే తప్ప గజాల లెక్క నేనూ ఎన్నడూ పట్టించుకోలేదు.

పట్టించుకొనేలా చేసినవాడు నా పాత శిష్యుడొకడు. తెలంగాణ పల్లెలో వారి తండ్రిగారి పొలాన్ని అన్నదమ్ములిద్దరూ పంచుకొన్నారు. పెద్దవాడి పాసుపుస్తకంలో సర్వే నంబరు పక్కన 'అ' అని, చిన్నవాడి పుస్తకంలో అదే నంబరు పక్కన 'ఆ' అని ఉన్నది. ఎవరికి ఎన్ని ఎకరాలు, ఎన్ని గుంటలు అన్నది స్పష్టం. అయితే బావి ఉన్న వైపు 'అ'కు చెందుతుందో, 'ఆ'కు చెందుతుందో ఏ కాగితమూ చెప్పదు. మాటా మాటా పెరిగి మూడేళ్లుగా ఇద్దరికీ పలకరింపులు లేవు. "సార్, ఈ అక్షరాలు నేర్పింది మీరే. 'అ' ఎక్కడ ఆగుతుందో, 'ఆ' ఎక్కడ మొదలవుతుందో కూడా మీరే చెప్పండి" అంటూ పుస్తకం నా చేతిలో పెట్టాడు. ఒకటి హ్రస్వమనీ, మరొకటి దీర్ఘమనీ చెప్పగలను గాని, పొలంలో వాటి హద్దు నాకెలా తెలుస్తుంది? ఆ కాగితాల పుట్టుక వెతుక్కుంటూ పోతే 1847 దాకా వెళ్లవలసి వచ్చింది.

మన పూర్వులు భూమిని చాలావరకు విత్తనంతో కొలిచారు. పుట్టెడు విత్తనాలు పట్టే నేల, తూమెడు విత్తనాలు పట్టే నేల అనేవారు. శాసనాలలో మర్తురు, నివర్తనం వంటి కొలతలూ కనిపిస్తాయి. విత్తనపు కొలతలో ఒక సుఖం ఉన్నది, సేద్యం చేసేవాడికి అది వెంటనే బోధపడుతుంది. చిక్కు కూడా అక్కడే ఉన్నది. నేల మారితే, చల్లే చేయి మారితే వైశాల్యమూ మారుతుంది.

1818లో పేష్వా పాలన అంతరించి దక్కను ప్రాంతం ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. ఆ తరువాతి దశాబ్దంలో ప్రింగిల్ అనే అధికారి పుణె ప్రాంతపు భూములను సర్వే చేయించాడు. ప్రతి పొలంలోనూ పంట ఎంత, ఖర్చు ఎంత, మిగులు ఎంత అని గణించి, నికరాదాయంలో నూటికి 55 పాళ్లు శిస్తుగా నిర్ణయించాడు. కాగితం మీద అందమైన సిద్ధాంతమే. కాని కొలిచినవారి లెక్కలు తప్పులతడకలు, వారిలో లంచాలు మరిగినవారు చాలామంది. శిస్తు భారం మోయలేక రైతులు పొలాలు వదలిపోయారు.

ఆ శిథిలాల మీద 1835-36లో పుణె జిల్లా ఇందాపూరులో పని మొదలుపెట్టినవారు గోల్డ్‌స్మిడ్, వింగేట్ అనే ఇద్దరు. క్రమంగా సర్వేలు ఇతర జిల్లాలకు విస్తరించాయి. ఒక్కొక్కచోట ఒక్కొక్క పద్ధతి నడిస్తే పని చెడుతుందని గ్రహించి, 1847లో గోల్డ్‌స్మిడ్, వింగేట్, డేవిడ్‌సన్ అనే ముగ్గురు సర్వే అధిపతులు కలిసి కూర్చొని ఒక ఉమ్మడి నివేదిక వ్రాశారు. మన నేలల చరిత్రలో సర్వేయర్ల సంఘం చేసిన పనులలో ఇంత దూరం ప్రభావం చూపినది మరొకటి అరుదు.

వారు తేల్చినవి ఇవి. నికరాదాయమనే అందని లెక్కను వదిలిపెట్టాలి. నేలను దాని లోతు, రంగు, స్వభావాలను బట్టి 9 తరగతులు చేసి, విలువను అణాలలో చెప్పాలి. ఇసుక, సున్నపురాళ్లు, వాలు వంటి దోషాలుంటే తరగతి తగ్గించాలి. శిస్తును 30 ఏళ్ల పాటు మార్చరాదు. క్రిందివారు కొలిచినదానిలో కొంత భాగాన్ని పై అధికారి స్వయంగా మళ్లీ కొలిచి చూడాలి. ఒక జత ఎద్దులతో సేద్యం చేయదగిన నేలను ప్రమాణంగా తీసుకొని పొలానికి ఒక నంబరు ఇవ్వాలి, దాని చుట్టూ హద్దులు చెదరకుండా గుర్తులు నిలపాలి. మనం నేటికీ 'సర్వే నంబరు' అంటున్నది ఆ పద్ధతి సంతానమే.

ఇక గజాల సంగతి. ఇంగ్లండులో గుంటర్ అనే గణితజ్ఞుడు 1620లో 66 అడుగుల గొలుసును ప్రచారంలోకి తెచ్చాడు. దానికి 100 లంకెలు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు గల చదరాలు పది చేరితే ఒక ఎకరం. బొంబాయి సర్వేవారు దానిలో సగాన్ని, అంటే 33 అడుగుల గొలుసును వాడారు. దానిని లంకెలుగా కాక, మనవారి నోటి లెక్కకు అనువుగా 16 అణాలుగా భాగించారు. 33 అడుగులంటే 11 గజాలు. 11 గజాల పొడవు, 11 గజాల వెడల్పు, వెరసి 121 చదరపు గజాలు. అదే గుంట. ఎకరం ఇంగ్లండుది, అణాలు మనవి. రెంటికీ కుదిర్చిన రాజీయే 121.

కోస్తా, రాయలసీమ మిత్రులకు గుంట కంటె సెంటు దగ్గరి చుట్టం. మద్రాసు ప్రభుత్వం ఎకరాన్ని నూరు సెంట్లు చేసింది. సెంటుకు 48.4 గజాలు, రెండున్నర సెంట్లు ఒక గుంట. ఒకే భాష మాట్లాడే మనం నేలను రెండు లెక్కలలో చెప్పుకోవడానికి కారణం రెండు రాజధానులు, బొంబాయి, మద్రాసు.

బొంబాయి పద్ధతి నిజాం రాజ్యానికి వచ్చింది సాలార్‌జంగు సంస్కరణల కాలంలో, 1870ల దశకంలో. మొదట మరాఠ్వాడా, తరువాత తెలంగాణ. పద్ధతితో పాటు పదాలూ వచ్చాయి. నంబర్లనూ విస్తీర్ణాలనూ చెప్పే పట్టిక సేత్వార్. ఊరి పటం నక్షా. ఏటేటా సాగు వివరాలు వ్రాసేది పహాణీ. పొలంలో గొలుసు పట్టి తీసిన కొలతల చిత్తు టిప్పణ్. ఈ చివరి మాట చూడగానే పాత బంధువు ఎదురుపడినట్లయింది. కావ్యాలకు వ్రాసే టిప్పణి ఇదే కదా! సంస్కృతం నుంచి మరాఠీకి, అక్కడి నుంచి ఉర్దూ కచేరీకి, అక్కడి నుంచి తెలుగు రైతు గట్టు మీదికి వచ్చింది. కవిహృదయం తెలియడానికి ఒక టిప్పణి, గట్టు హద్దు తెలియడానికి ఒక టిప్పణ్.

ఆ ముగ్గురి పనిలో లోపం ఎక్కడున్నది? నంబరు చెదరకుండా నిలవాలన్నది వారి పట్టుదల. నంబరుకు పటం గీశారు. ఆ నంబరు లోపల అన్నదమ్ముల వాటాలకు పటం గీయడం ఆనాటి పద్ధతిలో ముఖ్యం కాలేదు. శిస్తు వసూలు కావడానికి నంబరు చాలు. మద్రాసు పద్ధతిలో పొలానికొక కొలతల పటం, ఎఫ్.ఎం.బి. అనేది, ఉండేది. ఉపవిభాగాలనూ దానిలో గీసేవారు. తెలంగాణలో తరం మారినప్పుడల్లా పట్టికలో 'అ', 'ఆ', 'ఇ' అని అక్షరాలు పెరిగాయి గాని, నక్షాలో గీతలు పెరగలేదు. పట్టిక మనుమల కాలానికి వచ్చింది, పటం తాతల కాలంలోనే నిలిచిపోయింది.

ఈ ఎడబాటు మనకొక్కరికే పరిమితం కాదు. 1878లో పారిస్‌లో పుట్టిన అంతర్జాతీయ సర్వేయర్ల సమాఖ్యలో భూమి రికార్డుల విషయం చూసేది ఏడవ కమిషన్. ఆ కమిషన్ 1994లో ఒక కార్యబృందాన్ని నియమించింది. ఇరవై ఏళ్ల తరువాత భూమి రికార్డు ఎలా ఉండాలో ఊహించడం దాని పని. నాలుగేళ్ల కృషి ఫలితంగా 1998లో 'కడాస్టర్ 2014' అనే చిన్న పుస్తకం వెలువడింది. దానిలోని ఆరు ప్రతిపాదనలలో రెండవది చదివి నేను కాసేపు ఆగిపోయాను. పటమూ పట్టికా వేరువేరుగా ఉండే స్థితి అంతరిస్తుందని దాని సారాంశం. నా శిష్యుడి మూడేళ్ల మౌనానికి కారణం వారికి ముందే తెలిసినట్లనిపించింది.

కాకతాళీయంగా ఆ 2014లోనే తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. పటమూ పట్టికా మాత్రం ఆ ఏడు కలవలేదు. 2020లో వచ్చిన ధరణి పట్టికను కంప్యూటరు తెర మీదికి తెచ్చింది గాని వాటాల హద్దులు చూపలేదు. 2025 ఏప్రిల్‌లో అమలుకు వచ్చిన భూభారతి చట్టం సర్వే పటాన్ని హక్కు మార్పిడితో ముడిపెట్టే మార్గం చూపింది. లైసెన్సు సర్వేయర్లకు శిక్షణ కూడా అదే ఏడు మొదలైంది. దేశం నలుమూలల నుంచి సర్వే అధికారులు శిక్షణకు వచ్చే సంస్థ మా సికిందరాబాదుకు కూతవేటు దూరంలో ఉప్పల్‌లో ఉన్నది. భారతీయ పటకర్తల జాతీయ సంఘం 1979లో హైదరాబాదులోనే పుట్టింది. దీపం క్రింద చీకటి అన్న మాట ఊరికే రాలేదు.

1847లో కూర్చొన్న ముగ్గురిలో గాని, 1994లో కూర్చొన్నవారిలో గాని నాగలి పట్టినవాడున్నాడని నేననుకోను. అయినా వారు వ్రాసిన వాక్యాలే గట్టు మీద ఎవరు ఎక్కడ నిలబడాలో చెబుతాయి. వ్యాకరణంలో ఒక సూత్రం తప్పితే పండితులు వాదించుకొంటారు. సర్వేలో ఒక సూత్రం విడిచిపెడితే అన్నదమ్ములు విడిపోతారు.

శిష్యుడికి నేను చెప్పినది ఒకటే: "నాయనా, అన్నను కూడా పిలిచి, ఇద్దరూ గట్టు మీద ఉన్నప్పుడే కొలిపించు." వేసవిలో కొలిపించారు. గీత సరిగ్గా బావి మీదుగా పోయిందట. నీళ్లకు వంతులు వేసుకొన్నారు. మాటలు ఇంకా పొడిపొడిగానే ఉన్నాయని ఫోనులో చెప్పాడు.

మీ ఊళ్లలో నేల కొలతకు వాడిన పాత మాటలు పెద్దల వద్ద మిగిలి ఉంటే దయచేసి వ్రాసి ఉంచండి. నా లెక్కలో పొరపాటు కనిపిస్తే విజ్ఞులు దిద్దగలరు.